గడప దగ్గరి కాపలాదారు

అమెరికాలో ఒక దుకాణంలో బల్ల మీద నాలుగు జతల నైలాన్ మేజోళ్లు వరసగా పెట్టి, వీటిలో ఏది నాణ్యమైనదో చెప్పమని వచ్చిపోయేవాళ్లను అడిగారు. నిజానికి నాలుగూ ఒకటే రకం, వాటి మధ్య ఏ తేడా లేదు. అయినా కుడి చివరన ఉన్న జత బాగుందన్నవాళ్లు, ఎడమ చివరి జత బాగుందన్నవాళ్లకు దాదాపు నాలుగు రెట్లున్నారు. ఎందుకు బాగుందని అడిగితే అందరి దగ్గరా జవాబు ఉంది, ఎంచుకున్న జత గొప్పతనం గురించి. అది కుడి చివరన ఉందన్న మాట ఒక్కరి నోటా రాలేదు. పెట్టిన చోటును బట్టి మీ ఎంపిక మారి ఉంటుందా అని నేరుగా అడిగితే దాదాపు అందరూ కానే కాదన్నారు. రిచర్డ్ నిస్‌బెట్, తిమొతీ విల్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1977లో ప్రచురించిన ఈ ప్రయోగం, మన పనులకు మనం చెప్పుకునే కారణాలు ఎంత వట్టివి కాగలవో చూపించింది.

దీన్ని చదివి, మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ అన్నది రుజువైపోయిందని సంబరపడేవాళ్లున్నారు. అంత తొందర అక్కర్లేదు. మనసు చేసే పనిలో చాలా భాగం మన ఎరుకలోకి రాదన్నది ఇవాళ వివాదం లేని విషయం. జెనీవా వైద్యుడు ఎడ్వార్డ్ క్లపారేద్ 1911లో ఒక రోగి గురించి రాశాడు. కొత్తగా జరిగిందేదీ ఆమెకు గుర్తుండదు. ఒకసారి ఆయన వేళ్ల మధ్య గుండుసూది దాచి ఆమెతో చెయ్యి కలిపాడు. సూది గుచ్చుకున్న సంగతి ఆమె మరిచిపోయింది, కానీ తర్వాత ఆయన చెయ్యి చాచగానే తన చెయ్యి వెనక్కి తీసుకుంది. జ్ఞాపకం పోయింది, జాగ్రత్త మిగిలింది. ఇదీ అచేతనమే. అయితే ఇందులో ఎవరూ ఎవరి నుంచీ ఏదీ దాచడం లేదు. సైకిల్ తొక్కేవాడికి తను పడిపోకుండా ఎలా నిలుస్తున్నాడో తెలియనట్టే, ఇక్కడ కూడా తెలియదు, అంతే. ఫ్రాయిడ్ అన్నది ఇంతకంటే చాలా పెద్ద మాట. మనకు కొన్ని సంగతులు తెలియకపోవడానికి కారణం, అవి తెలిస్తే మనం తట్టుకోలేకపోవడం అని ఆయన వాదన. తెలియకపోవడం వేరు, తెలియకుండా చూసుకోవడం వేరు. రెండోదానికి శ్రమ కావాలి, ఆ శ్రమ వెనక ఒక అవసరం ఉండాలి. ఫ్రాయిడ్ కట్టిన మేడలో చాలా గదులు కూలిపోయాయి. ఈ ఒక్క గది మాత్రం నిలిచిందని, మనిషి స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి ఇప్పటికీ అందులోకి వెళ్లక తప్పదని నా నమ్మకం.

ఇలా తెలియకుండా చూసుకోవడానికి 'రక్షణ' అన్న మాటను ఫ్రాయిడ్ 1894లోనే ఒక వ్యాసంలో వాడాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వియన్నా విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసాల్లో దానికో పోలిక చెప్పాడు. ఒక పెద్ద వసారా, దాన్నానుకుని ఒక చిన్న గది. వసారా నిండా కోరికలు, తలపులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. చిన్న గదిలో ఎరుక ఉంటుంది. రెండింటి నడుమ గడప దగ్గర ఒక కాపలాదారు నిలబడి, లోపలికి రాబోయే ప్రతిదాన్నీ పరీక్షించి, నచ్చనిదాన్ని వెనక్కి నెడుతుంటాడు. ఫ్రాయిడ్ గురించి విన్నవాళ్ల కళ్లన్నీ ఆ వసారా మీదే ఉంటాయి. అక్కడ ఏ చీకటి రహస్యాలున్నాయోనన్న కుతూహలం అలాంటిది. నన్నడిగితే ఆ పోలికలో అసలు పాత్ర కాపలాదారుడు. ఫ్రాయిడ్ కూడా 1923 నాటికి అక్కడికే వచ్చాడు. 'నేను' అనుకునే దానిలోనే చాలా భాగం మనకు తెలియకుండా పనిచేస్తుందని ఆ ఏడాది రాశాడు. అంటే వసారాతో పాటు కాపలాదారు కూడా చీకట్లోనే ఉన్నాడు. మనం ఏం దాస్తున్నామో మనకు తెలియదు, దాస్తున్నామన్న సంగతీ తెలియదు.

ఇక్కడ భాష గురించి ఒక మాట. ఫ్రాయిడ్ జర్మన్‌లో వాడినవి పసిపిల్లలకు కూడా అర్థమయ్యే మాటలు: 'అది', 'నేను', 'పై నేను'. ఇంగ్లీషు అనువాదకులు వాటిని లాటిన్‌లోకి మార్చి ఇడ్, ఈగో, సూపర్ ఈగో చేశారు. మన పాఠ్యపుస్తకాలు ఆ లాటిన్‌నే ఎత్తుకొచ్చాయి. చివరికి తెలుగులో 'ఈగో' అంటే పొగరు అన్న అర్థం స్థిరపడింది. వాడికి ఈగో ఎక్కువ అంటే వాడికి అహంకారం ఎక్కువనే. కానీ ఫ్రాయిడ్ 'నేను' పొగరుబోతు కాదు. లోపలి కోరికకు, పైనుంచి గద్దించే మనస్సాక్షికి, బయటి లోకానికి, ముగ్గురికీ ఒకేసారి సమాధానం చెప్పుకోలేక నలిగిపోయే జీవి. 'సబ్‌కాన్షస్' అన్న మాటకూ ఇలాంటి గతే పట్టింది. వ్యక్తిత్వ వికాస తరగతుల్లో దాన్ని అడిగిందల్లా ఇచ్చే కల్పవృక్షంలా వర్ణిస్తున్నారు. ఫ్రాయిడ్ ఆ మాటే తప్పుదారి పట్టిస్తుందని తోసిపుచ్చాడు. ఆయన చెప్పిన అచేతనం వరాలిచ్చేది కాదు, బయటికొస్తే మన గురించి మనకున్న మంచి అభిప్రాయాన్ని చెడగొట్టేది. అందుకే దానికి కాపలా.

కాపలాదారు ఎలా పనిచేస్తాడో ఓపిగ్గా రాసింది ఫ్రాయిడ్ చిన్న కూతురు ఆనా. బడిపంతులుగా జీవితం మొదలుపెట్టి, పిల్లల మనసులను చదవడంలో స్థిరపడిన మనిషి ఆమె. 1936లో, తండ్రి ఎనభయ్యో పుట్టినరోజు నాటికి, రక్షక తంత్రాల మీద పుస్తకం రాసి ఆయనకు కానుకగా ఇచ్చింది. దాచిన వస్తువును తవ్వి తీయడమే అసలు పని అని అప్పటి మనోవిశ్లేషకులు అనుకునేవారు. మనిషి ఎలా దాస్తున్నాడన్నది కూడా అంతే ముఖ్యమని ఆమె వాదించింది. చేదు నిజాన్ని లేదనడం, తన దోషాన్ని ఎదుటివాడిలో చూడడం, లోపలి ద్వేషాన్ని మితిమీరిన ప్రేమగా మార్చి చూపడం, ఒకరి మీది కోపాన్ని వేరొకరి మీద చూపడం, ఇవన్నీ వేర్వేరు పనితనాలు. ఒక్కొక్కరి చేతికి ఒక్కో పనితనం అలవాటవుతుంది. ఎన్ని కష్టాలొచ్చినా మనిషి అదే పనిముట్టు తీస్తాడు. స్వభావం అని మనం పిలిచేదానిలో చాలా పాలు ఈ అలవాటే.

తెలుగువాళ్లకు ఇది వింతగా తోచనక్కర్లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపిందన్నా, ఆడలేక మద్దెల ఓడన్నా, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిందన్నా, మనవాళ్లు మాట్లాడింది వీటి గురించే. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నవాడి కథలో, దాచిన నిజం ఒంటి కదలికలో బయటపడడం కూడా ఉంది. తేడా ఏమిటంటే, సామెత ఎదుటివాడిని పట్టిస్తుంది. దుత్త పగలగొట్టిన కోడలికి తన కోపం అత్త మీదిదని తెలుసా, తెలియదా అన్న ప్రశ్న దానికి అక్కర్లేదు. మనోవిశ్లేషణ మొదలయ్యేది సరిగ్గా ఆ ప్రశ్నతోనే. ఆధునిక తెలుగు నవలలో కూడా ఆ ప్రశ్న చాలాకాలంగా ఉంది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి మీద పడిన తల్లి నీడను మన విమర్శకులు ఫ్రాయిడ్ చూపుతోనే చదివారు. మనలో చాలామందికి ఈ ఆలోచనలు చికిత్సాలయం కంటే ముందు నవలల్లోనే ఎదురయ్యాయి.

అయితే సామెతలు, నవలలు సాక్ష్యం కావు. 'తెలియకుండా చూసుకోవడం' నిజంగా జరుగుతుందని ఎలా తేలుతుంది? 1997లో లెనార్డ్ న్యూమన్, ఆయన సహచరులు చేసిన ప్రయోగాలు ఇందుకు పనికొస్తాయి. కొందరికి మీలో ఫలానా చెడ్డ గుణాలున్నాయని పరీక్షలో తేలినట్టు చెప్పారు. వాటిలో ఒక గుణం గురించి ఆలోచించవద్దన్నారు. ఆ తర్వాత వీడియోలో ఒక వ్యక్తిని చూపించి, ఆ మనిషి ఎలాంటిదో చెప్పమన్నారు. ఏ గుణాన్ని తలపులోంచి నెట్టేయడానికి ప్రయత్నించారో, ఆ గుణమే వాళ్లకు ఎదుటి వ్యక్తిలో ఎక్కువగా కనబడింది. ఇక్కడ జరిగేది సులువుగానే అర్థమవుతుంది. ఒక తలపును రానివ్వకూడదని కాపలా కాయాలంటే, అది వస్తోందేమోనని అదేపనిగా చూస్తూ ఉండాలి. అలా చూసే కళ్లకు లోకంలో ముందుగా కనబడేది అదే. పిసినారితనం తనలో లేదని ఒట్టు పెట్టుకున్నవాడికి ఊరంతా పిసినారులే కనబడడానికి ఏ మాయా అక్కర్లేదు. ఎదుటివాడి మీద దోషం వేస్తే మన మనసు తేలిక పడుతుందని ఆనా ఫ్రాయిడ్ తరం అనుకుంది. కొత్త పరిశోధన ప్రకారం, ఎదుటివాడిలో కనబడడమన్నది కాపలా కాసే శ్రమలోంచి పుట్టిన ఉప ఫలితం కావచ్చు. పాత వివరణ కొంత మారింది, చూసిన సంగతి మాత్రం నిలిచింది.

పిల్లల మీద ఫీబీ క్రేమర్ చేసిన పరిశోధన నాకు ఇంకా బలమైన సాక్ష్యంగా తోస్తుంది. బొమ్మలు చూపించి కథలు చెప్పించుకుని, ఆ కథల్లో రక్షక తంత్రాలను ఆమె వెతికింది. మరీ చిన్నపిల్లలు లేదనడంతో, అంటే నిరాకరణతో నెట్టుకొస్తారు. కొంచెం ఎదిగాక దోషాన్ని బయటికి నెట్టే ప్రక్షేపణం ముందుకొస్తుంది. కౌమారంలో మరొకరిలా మారిపోవాలనుకునే తాదాత్మ్యం బలపడుతుంది. ఇందులో అసలు కీలకం, ఒక తంత్రం ఎలా పనిచేస్తుందో పిల్లవాడికి అర్థమయ్యే కొద్దీ అతను దాన్ని వదిలేయడం. తెలిసిపోయిన గారడీ మళ్లీ పనిచేయదు. ఇది మేజోళ్ల ప్రయోగంలో కనబడిన తెలియకపోవడం లాంటిది కాదు. తెలియకపోవడం మీదే ఆధారపడి బతికే ఒక పని ఇది.

రక్షణ అనగానే అదేదో జబ్బు లక్షణమని, వదిలించుకోవలసిన దోషమని అనుకుంటారు. గుండెపోటు రోగుల మీద 1987లో వచ్చిన ఒక అధ్యయనం ఆ అభిప్రాయాన్ని కదిలిస్తుంది. తమ జబ్బు తీవ్రతను ఎక్కువగా నిరాకరించినవాళ్లు, నిరాకరించనివాళ్ల కంటే తక్కువ రోజులే ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్నారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ వాళ్ల గుండె పరిస్థితి కూడా మెరుగ్గానే ఉంది. ఇంటికెళ్లాక ఏడాదిలో కథ తిరగబడింది. వాళ్లు వైద్యుల సూచనలు సరిగా పాటించలేదు, మళ్లీ ఆసుపత్రిలో ఎక్కువ రోజులు గడిపారు. మంచం మీద ప్రాణానికి అండగా నిలిచిన నిరాకరణే, మందుబిళ్ల మింగవలసిన పొద్దున ప్రాణం మీదికి తెచ్చింది. రక్షక తంత్రాన్ని మంచిదా చెడ్డదా అని తూచడం కుదరదు. ఏ కష్టానికి, ఎంతకాలం, ఏ వెల చెల్లించి అన్నవే అడగాల్సిన ప్రశ్నలు.

ఆ వెలను ఒక జీవితకాలం పొడవునా కొలిచిన అధ్యయనం ఒకటుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1938లో మొదలుపెట్టి, 268 మంది విద్యార్థులను ఎంచుకుని దశాబ్దాల తరబడి వాళ్లను గమనిస్తూ వచ్చింది. జార్జ్ వాయంట్ అనే మానసిక వైద్యుడు వాళ్లలో 95 మంది జీవితాలను తరచి చూసి 1977లో పుస్తకం రాశాడు. కష్టకాలంలో ఒక్కొక్కరూ ఎలా ప్రవర్తించారో చిన్న చిన్న కథనాలుగా రాయించి, ఆ మనిషి తర్వాత ఏమయ్యాడో తెలియని పరీక్షకులకిచ్చి ఏ తంత్రమో గుర్తించమన్నాడు. తంత్రాలకు ఆయన మెట్లు కట్టాడు. ప్రక్షేపణం, పగటి కలల్లోకి పారిపోవడం, మాట వింటున్నట్టే ఉండి పని చెడగొట్టడం లాంటివి కింది మెట్టు. హాస్యం, పరోపకారం, రాబోయే కష్టాన్ని ముందే ఊహించి సిద్ధపడడం, బాధను తెలిసే కాసేపు పక్కనపెట్టడం పై మెట్టు. పై మెట్టువాటితో నెట్టుకొచ్చినవాళ్లకు స్నేహాలు, సంసారాలు, వృత్తులు మెరుగ్గా సాగాయి. అంతకంటే ఆశ కలిగించే సంగతి, వయసుతో పాటు చాలామంది ఆ మెట్లు ఎక్కారు. ఇరవైలలో లోకాన్నంతా తప్పుపట్టినవాడు నలభైలలో తనను చూసి తను నవ్వుకోగలిగాడు. చిన్నతనంలోనే మనిషి రాత రాసేసి ఉంటుందన్న ఫ్రాయిడ్ ధోరణికి ఇది ఎదురు సాక్ష్యం. హార్వర్డ్ కుర్రాళ్లందరూ తెల్లజాతి మగవాళ్లు, ఎక్కువమంది కలిగినవాళ్లు. వీళ్లను బట్టి అందరి గురించీ ఎలా చెబుతామన్న ప్రశ్న న్యాయమైనదే. బోస్టన్ పేద పేటల్లో పెరిగిన 456 మంది మగవాళ్లలో చాలామంది జీవితాలను కూడా ఇదే పద్ధతిలో పరిశీలించిన వాయంట్, తంత్రాల పరిణతి తండ్రి ఆస్తిని బట్టో తెలివి పరీక్షలో మార్కులను బట్టో రాలేదని చూపించాడు. ప్రశ్న పూర్తిగా తీరలేదు గానీ, దాని పదును కొంత తగ్గింది.

తత్వవేత్త కార్ల్ పాపర్ వేసిన అభ్యంతరం ఇంతకంటే గట్టిది. ఒకడు పిల్లవాడిని ముంచేయాలని నీళ్లలోకి తోశాడు, మరొకడు ఆ పిల్లవాడిని కాపాడడానికి ప్రాణాలకు తెగించి దూకాడు. మొదటివాడిది దమనం, అంటే కోరికను ఎరుకలోంచి నెట్టేయడం అనీ, రెండోవాడిది ఉదాత్తీకరణం, అంటే దాన్ని మెచ్చదగిన పనిగా మార్చడం అనీ మనోవిశ్లేషణ ఇద్దరికీ వివరణ ఇచ్చేస్తుంది. ఏం జరిగినా ఒప్పే అయ్యే సిద్ధాంతం ఏమీ చెప్పనట్టే అని ఆయన వాదన. విశ్లేషకుడు తన కుర్చీలో కూర్చుని, జరిగిపోయినదానికి కారణం అల్లేటప్పుడు ఇది నూటికి నూరుపాళ్లూ నిజం. కానీ పైన చెప్పిన ప్రయోగాలు ఓడిపోయే అవకాశాన్ని ముందే ఒప్పుకుని చేసినవి. అలాంటి పరీక్షల్లో కొన్ని తంత్రాలు ఓడాయి కూడా. 1998లో రాయ్ బామైస్టర్, మరో ఇద్దరు కలిసి అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలను సమీక్షించారు. నిరాకరణకు, లోపలిదానికి వ్యతిరేకంగా ప్రవర్తించడానికి బలమైన ఆధారాలు దొరికాయి. ఒకరి మీది కోపాన్ని వేరొకరి మీద చూపడానికి అంతగా దొరకలేదు. ఉదాత్తీకరణానికి అసలే దొరకలేదు. రెండేళ్ల తర్వాత మరో సమీక్ష, దారి మళ్లిన కోపం నిజంగానే ఉందని ఎదురు వాదించింది. అత్త, దుత్త వ్యవహారం ఇంకా తేలలేదన్నమాట. లైంగిక శక్తి కళగా మారుతుందన్న పాత ఉదాత్తీకరణ సిద్ధాంతాన్ని మాత్రం ఆధారం దొరికేదాకా పక్కన పెట్టడమే నిజాయితీ. ఇలా ఒకటి నిలిచి, ఒకటి పడి, ఒకటి మధ్యలో వేలాడుతుండడమే పాపర్‌కు సరైన జవాబు.

దమనం విషయంలో నేను ఫ్రాయిడ్ పక్షాన నిలబడలేను. భయంకరమైన అనుభవం మొత్తంగా మరుగున పడి, ఏళ్ల తర్వాత చెక్కుచెదరకుండా బయటికొస్తుందన్న నమ్మకం 1980, 90 దశకాల్లో అమెరికాలో చాలా కుటుంబాలను కూల్చింది. చికిత్సలో 'గుర్తుకొచ్చిన' అత్యాచారాల పేరుతో కూతుళ్లు తండ్రుల మీద కేసులు పెట్టారు. మాల్‌లో చిన్నప్పుడు తప్పిపోయారన్న కల్పిత కథను 24 మందికి చెప్పి, వాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి అది పూర్తిగానో కొంతగానో నిజంగా జరిగినట్టు గుర్తొచ్చేలా చేయవచ్చని ఎలిజబెత్ లాఫ్టస్ 1995లో చూపించింది. ఘోరాలు అనుభవించినవాళ్లలో ఎక్కువమంది బాధ మరుపు కాదు, మరవలేకపోవడం. కాపలాదారు ఉన్నాడనడానికి, వసారాలో ఏముందో నాకు తెలుసనడానికి మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని దూకేసినప్పుడల్లా మనోవిశ్లేషణ మనుషులను గాయపరిచింది.

ఈ గాయం ఫ్రాయిడ్‌తోనే మొదలైంది. 1900లో ఆయన దగ్గరికి పద్దెనిమిదేళ్ల అమ్మాయిని తీసుకొచ్చారు. 'డోరా' అన్న మారుపేరుతో ఆయన ఆమె గురించి రాశాడు. తండ్రి స్నేహితుడొకడు తనను ఆశించి మీదికొచ్చాడని ఆమె చెబితే ఇంట్లో నమ్మలేదు. ఫ్రాయిడ్ నమ్మాడు. నమ్మి, ఆమె అసహ్యం వెనక ఆమెకే తెలియని కోరిక దాగి ఉందని ఆమెను ఒప్పించబోయాడు. కాదన్న ప్రతిసారీ ఆ కాదనడమే రుజువైంది. పదకొండు వారాలకు ఆమె చికిత్స మానేసి వెళ్లిపోయింది. ఈ ఆలోచనల్లో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే. 'నువ్వు నిరాకరణలో ఉన్నావు' అన్న మాటకు ఎదుటి మనిషి దగ్గర జవాబు ఉండదు. ఒప్పుకుంటే నిజం, ఒప్పుకోకపోతే ఇంకా నిజం. ఇవాళ భార్యాభర్తల తగవుల్లోనూ, ఆఫీసుల్లోనూ ఈ మాటను ఆయుధంగా వాడుతున్నారు. ఒక మనిషి ఒక్క ప్రవర్తన చూసి ఏ తంత్రమో తేల్చేసే హక్కు ఎవరికీ లేదు. వాయంట్‌కు ఏళ్ల తరబడి పోగైన కథనాలు కావలసివచ్చాయి. ప్రయోగాలు చెప్పేవి గుంపుల సగటు గురించి, పక్కింటాయన గురించి కాదు.

పైగా కాపలాదారు కాసేది ఒకే ఊరి గడప కాదు. కలకత్తా వైద్యుడు గిరీంద్రశేఖర్ బోస్ 1922లో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించి, ఏళ్ల తరబడి ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లో వాదించాడు. తన దగ్గరికొచ్చే భారతీయ మగవాళ్లలో యూరప్‌వాళ్లలో కంటే స్త్రీగా ఉండాలన్న కోరిక తేలిగ్గా బయటపడుతోందని, తల్లి మీది ఆశ, తండ్రితో పోటీ అని ఫ్రాయిడ్ చెప్పిన ఈడిపస్ కథ ఇక్కడ అదే రూపంలో లేదని ఆయన రాశాడు. ఏది దాచాలో కుటుంబం, సంఘం నేర్పుతాయి. దాచే పని మాత్రం రెండు చోట్లా ఉంది.

మరి ఇన్ని జాగ్రత్తల మధ్య ఈ ఆలోచన దేనికి పనికొస్తుంది? ఆనా ఫ్రాయిడ్ తర్వాతి పనిలో జవాబు కనబడుతుంది. 1938లో నాజీల నుంచి తప్పించుకుని తండ్రితో పాటు లండన్ చేరిన ఆమె, బాంబులు పడుతున్న రోజుల్లో డొరొతీ బర్లింగమ్‌తో కలిసి హాంప్‌స్టెడ్‌లో తల్లులకు దూరమైన పిల్లలకు వసతి గృహాలు నడిపింది. మూడేళ్లు దాటిన ఒక పిల్లవాడిని అక్కడ వదిలి వెళ్తూ, ఏడవకుండా మంచిగా ఉంటేనే చూడడానికి వస్తామని చెప్పారు. వాడు ఏడవలేదు. అమ్మ వస్తుంది, నాకు కోటు తొడుగుతుంది, ఇంటికి తీసుకెళ్తుంది అని కనబడినవాళ్లందరికీ తలూపుతూ చెప్పేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆ మాటలకు జిప్పు వేయడం, టోపీ పెట్టడం చేరాయి. అదే పాటగా అయిపోయేసరికి ఎవరో విసిగి, అస్తమానం అలా అనొద్దన్నారు. వాడు మాట విన్నాడు. పైకి అనడం మానేశాడు. మిగతా పిల్లలు ఆడుకుంటుంటే తను ఒక మూలన నిలబడి, పెదాలు కదుపుతూ, లేని కోటును తొడుక్కుంటూ, లేని జిప్పును చేత్తో పైకి లాగుతూ, లేని టోపీని సర్దుకుంటూ ఉండేవాడు.  ఆనా, డొరొతీ ఆ చేతుల కదలికలను ఒక్కటొక్కటిగా చూసి, చూసింది చూసినట్టు రాసి పెట్టారు.